అమ్మినవాళ్ళే వెల కడితే చెల్లుతుందా?

ప్రశ్న: నిశ్చితార్థానికి పెట్టిన వజ్రపుటుంగరానికి ఇన్సూరెన్స్ చేయిద్దామనుకుంటున్నాను. కొన్న షాపువాళ్ళే వాల్యుయేషన్ సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో విలువ బిల్లుకు దాదాపు రెట్టింపు ఉంది. సంతోషించాలా, అనుమానించాలా? బయట చూపిద్దామంటే రాయి మార్చేస్తారేమోనని టెన్షన్.

జవాబు: అనుమానించండి. తన సరుకుకు తానే కట్టిన వెల రేపు వివాదం వస్తే ఎదుటి వకీలు మొదటి ప్రశ్నకే తేలిపోతుంది. పైగా నష్టం మీకే. రెట్టింపు విలువ మీద ప్రీమియం కడతారు; ఉంగరం పోతే మాత్రం చాలా పాలసీలు అలాంటిది మళ్ళీ కొనడానికి అయ్యే ఖర్చే ఇస్తాయి.

అమ్మకంతో సంబంధం లేని నిపుణుడి చేత వెల కట్టించండి. విలువలో ఇంత శాతం ఫీజు అనేవాళ్ళ దగ్గరికి, 'మాకే అమ్మేయండి' అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. వెల ఎందుకు కట్టారో, ఏ తేదీన కట్టారో రిపోర్టులో ఉండాలి. ఇన్సూరెన్స్‌కు కట్టిన విలువ వేరు, అమ్మితే చేతికొచ్చేది వేరు. రెండోది బాగా తక్కువ. ఆస్తి పంపకాల్లో ఈ తేడా దగ్గరే సగం గొడవలు. జీఐఏ (వజ్రాలను పరీక్షించి నాణ్యత తేల్చే అమెరికా సంస్థ) లాంటి ల్యాబ్ రిపోర్టు ఉంది కదా అంటారేమో, అందులో రాయి గుణాలే ఉంటాయి, ధర ఉండదు.

ఇక మీ టెన్షన్. ల్యాబ్ రిపోర్టున్న చాలా వజ్రాలకు నడుము అంచున, అంటే రాయి పైభాగం, కిందిభాగం కలిసే చుట్టు అంచున, లేజర్‌తో చెక్కిన నంబరుంటుంది. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంలో కనబడుతుంది. ఇచ్చేముందు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి మీ కళ్ళతో చూసి రిపోర్టుతో సరిపోల్చుకోండి. నంబరు లేకపోతే రాయి లోపలి మచ్చల బొమ్మ గీయించుకోండి; ఏ రెండు రాళ్ళకూ అవి ఒకేలా ఉండవు. వీలైతే మీ ఎదుటే పరీక్షించమనండి. వదిలి రావలసివస్తే రసీదులో 'తెల్లరాయి ఉంగరం ఒకటి' అని రాస్తే ఒప్పుకోవద్దు. కొలతలు, నంబరు, లోహం అన్నీ రాయించండి. వస్తువు అప్పగించినట్టు మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే. బిగించిన రాయి బరువు కొలతలను బట్టి వేసిన అంచనాయే కాబట్టి, క్యారెట్లలో చిన్న తేడా వస్తే మోసమని కంగారు పడకండి.

మీ బిల్లులో 'సహజ వజ్రం' అని ఉందా? ఉండి, పరీక్షలో అది ల్యాబ్‌లో పెంచిందని తేలితే అప్పుడు సమస్య ఇన్సూరెన్స్ దాటిపోతుంది. షాపుతో ఫోన్లో మాట్లాడకుండా, బిల్లు, కొత్త రిపోర్టు నకళ్ళు జతచేసి ముందు నోటీసు పంపించండి.