మైకు ముందు మగవాళ్లు మనసు విప్పరు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కాలనీలో ఇరవై మంది మగవాళ్లం రోజూ పొద్దున్నే నడకకు వెళ్తాం. వ్యాపారంలో నష్టం వచ్చాక మాలో ఒక మిత్రుడు నెల రోజులుగా రావడం లేదు. నిద్రపోవడం లేదనీ, ఇంట్లో అందరి మీదా విరుచుకుపడుతున్నాడనీ, తాగుడు పెరిగిందనీ ఆయన భార్య మా ఇంట్లో చెప్పి బాధపడింది. నవంబరు 19 పురుషుల దినోత్సవానికి మానసిక ఆరోగ్యంపై కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ఎలా పెడితే ఇలాంటివారికి ఉపయోగం?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మిత్రుడి విషయంలో నవంబరు దాకా ఆగవద్దు. కుంగుబాటు అంటే దిగులుగా మూలన కూర్చోవడమే అనుకుంటాం. మగవాళ్లలో అది చాలాసార్లు కోపంగా, తాగుడుగా, తగ్గని ఒళ్లు నొప్పులుగా బయటపడుతుంది. రెండు వారాలు దాటితే వైద్యుడికి చూపించాల్సిందే. మానసిక వైద్యుడంటే ఒప్పుకోకపోతే, నిద్ర పట్టడం లేదన్న ఇబ్బందితోనే ముందు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో ఆపకూడదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. అదీ డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి.

ఇంకొక మాట. ఆయనతో ఏకాంతంగా ఉన్నప్పుడు ‘బతకాలని లేదనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి పది మందిలో ఏడుగురు మగవాళ్లే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక కార్యక్రమం. వేదిక, శాలువాలు, గంట ఉపన్యాసం పెడితే మీ మిత్రుడిలాంటి వారు రారు. బీపీ, షుగర్ పరీక్షల శిబిరం పెట్టండి, వస్తారు. అక్కడే ఒక బల్ల దగ్గర కౌన్సెలర్‌ను కూర్చోబెట్టి నిద్ర గురించి, తాగుడు గురించి అడిగించండి. అందుకు ప్రభుత్వం నడిపే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బందిని కోరి చూడండి.

అయితే ఒక్క రోజుతో మనసులు తేలికపడవు. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో 2016లో మొదలైన ‘ఆండీస్ మ్యాన్ క్లబ్’లో మగవాళ్లు ప్రతి సోమవారం సాయంత్రం 7 గంటలకు కలుస్తారు. ‘ఈ వారం ఎలా గడిచింది?’ అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆస్ట్రేలియాలో ‘మెన్స్ షెడ్’లు ఉన్నాయి. వడ్రంగం, మరమ్మతులు చేసుకుంటూ మాట్లాడుకుంటారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోయే మనిషి, పక్కపక్కన పని చేస్తూనో నడుస్తూనో చెప్పేస్తాడు. మీకు ఆ నడక ఎలాగూ ఉంది. వారంలో ఒక రోజు నడక తర్వాత టీ దగ్గర ఓ అరగంట కూర్చోండి. అక్కడి మాట బయటికి పోకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు, ముఖ్యంగా అప్పుల విషయంలో. వరుసగా రెండు వారాలు రాని మనిషి ఇంటికి ఎవరు వెళ్లాలో ముందే అనుకోండి. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు.