తాత వేటకు దారి చూపాడు, మనవడికి అడవిలో ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ దగ్గర అడవి అంచు ఊరు. మా నాన్న చిన్నతనంలో షికారుకొచ్చే దొరలకు దారి చూపేవాడు. ఆయన వెంట తిరిగి మా అబ్బాయికి జాడలు, కూతలు అన్నీ వచ్చాయి. ఇంటర్ బైపీసీ పాసయ్యాడు. ఫోన్లో ఆఫ్రికా వేట గైడ్లను చూసి అదే చేస్తానంటున్నాడు. ఇందులో బతుకుదెరువు ఉందా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు కాని పని ఏదో చెబుతాను. మన దేశంలో వేట గైడ్ అనే ఉద్యోగం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో లైసెన్సుతో వేటకు కొంత వీలుండేది, 1991 సవరణతో అదీ పోయింది. అభయారణ్యంలో వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. స్నేహితులతో సరదాకి ఒక ఉచ్చు పెట్టి దొరికినా కేసే. అలాంటి కేసు మీదుంటే రేపు అటవీ శాఖ తలుపు తట్టే అవకాశం కూడా పోతుంది. ఈ మాట అబ్బాయికి గట్టిగా చెప్పండి.

పంటలు పాడుచేసే అడవిపందులను కాల్చడానికి చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇస్తారు కదా అని ఎవరైనా అనొచ్చు. అది లైసెన్సు తుపాకీ ఉన్న కొద్దిమంది షూటర్ల పని. ఏడాది పొడుగునా ఉండదు. చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం ఇంటికి తెచ్చుకోకూడదు. ఇక ఆఫ్రికా సంగతి. కెన్యాలో 1977లోనే వేట ఆగింది. బోట్స్వానాలో 2014లో ఆపి 2019లో మళ్లీ తెరిచారు. ఆ మధ్య ఐదేళ్లు వేట ఒక్కటే తెలిసిన గైడ్ ఏం చేశాడో ఆలోచించండి.

అలాగని తాత దగ్గర నేర్చుకున్నది వృథా కాదు. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడిని 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనిపెట్టారు. శాస్త్రవేత్తలకు ఆ పిట్టను రాత్రిపూట టార్చి వెలుగులో పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి ఊరివాళ్లు ఒకప్పుడు వలస పక్షులను వేటాడేవారు, ఇప్పుడు గెడకర్ర పడవల్లో పర్యాటకులకు అవే పక్షులను చూపిస్తున్నారు. కేరళ పెరియార్‌లో దాల్చినచెక్క బెరడు దొంగిలించినవాళ్లే ట్రెక్ గైడ్లయ్యారు. అమ్ముడయ్యేది జాడ చదివే కన్ను.

మీ ఊరికి దగ్గర్లోనే మన్ననూరు నుంచి ఫర్హాబాద్ సఫారీ నడుస్తోంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ కుటుంబాలు. తెలుగు, హిందీ ధారాళంగా వస్తే చాలావరకు సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ముందు జంతువుల పేర్లు, హెచ్చరికలు, ఓ నలభై వాక్యాలు నేర్చుకుంటే చాలు. వాళ్లకు పులి కనపడదు, చాలా రోజులు కనపడదు. అక్కడే గైడ్ పనితనం తెలుస్తుంది.

పొద్దున్నే మట్టిబాట మీద పాదముద్ర కనిపిస్తే జీపు ఆపించి చూపించాలి. గోళ్ల గుర్తులుంటే కుక్క జాతి లేదా దుమ్ములగొండి. గోళ్లు లేకపోతే పిల్లి జాతి. చిరుతది 8 సెంటీమీటర్ల వెడల్పుకు అటూ ఇటూ ఉంటుంది, ఎదిగిన పులిది 10కి పైమాటే. ముద్ర మీద మంచు చుక్కల గుంటలు పడి ఉంటే అది రాత్రి నడిచిన జాడ. మంచును చెరిపేస్తూ ముద్ర పడితే తెల్లారాక వెళ్లింది, ఇంకా దగ్గర్లోనే ఉండొచ్చు. అంచులు రాలిపోయి, చీమల బాట దాని మీదుగా సాగితే పాతది. ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే పులి కనపడని రోజున కూడా పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. కూతలూ అంతే, పులో చిరుతో దగ్గర్లో ఉందని అవే చెబుతాయి. చుక్కల దుప్పి కుక్కను చూసినా అరుస్తుంది, కణితి (సాంబర్ దుప్పి) ఊరికే అరవదు. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరుస్తూ ఒకే దిక్కు చూస్తుంటే ఇంజను ఆపి పది పదిహేను నిమిషాలు ఆగడం నేర్చుకోవాలి.

మానుకోవాల్సింది మాత్రం ఒకటుంది, అది కష్టం. వేటగాడు గాలికి ఎదురుగా, చప్పుడు లేకుండా దగ్గరికి పోతాడు. కాలినడక గైడ్ అలా చేస్తే ప్రమాదం. ఎలుగుబంటికి చూపు అంతంతమాత్రం. గాలి మనవైపు వీస్తుంటే దానికి మన వాసనా అందదు. మలుపులో హఠాత్తుగా ఎదురుపడితే పారిపోదు, మీద పడుతుంది. అందుకే పొదలున్న మలుపుల దగ్గర గొంతు పెంచి మాట్లాడాలి, చప్పట్లు కొట్టాలి. దగ్గరికి వెళ్లే చాకచక్యం కన్నా దూరం ఆగే చాకచక్యమే ఇక్కడ ఎక్కువ విలువ.

చాలామంది గైడ్లు దెబ్బతినేది టిప్పు దగ్గర. 'ఇంకొంచెం లోపలికి పోనీ బాబూ' అని ఐదొందలు చేతిలో పెడతారు. బాట దిగితే పని పోతుంది. వద్దని చెప్పే తీరు కూడా ఈ పనిలో భాగమే.

సామాను తక్కువే. 8×42 బైనాక్యులర్ ఒకటి. జూమ్ అని రాసిన చవక రకాలు వద్దు, బొమ్మ మసగ్గా వస్తుంది. పిట్టలు గుర్తుపట్టడానికి మెర్లిన్, రాసి పెట్టుకోవడానికి ఈబర్డ్, రెండూ ఉచిత యాప్‌లే. రోజూ పదిహేను నిమిషాల జాబితా రాస్తే ఏడాదికి అదే అతని బయోడేటా. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తప్పనిసరి అనుకోండి. పాము కరిస్తే కోయకూడదు, తాడు బిగించకూడదు. కాలుకు బద్ద కట్టి కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేయాలి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరే ముందే తెలిసి ఉండాలి.

ఇక డబ్బు. సఫారీ గైడ్‌కు సాధారణంగా ట్రిప్పు లెక్కన చెల్లిస్తారు, నెల జీతం ఉండదు. పైగా జులై నుంచి సెప్టెంబరు దాకా వానలకు సఫారీ మూసేస్తారు. కాబట్టి ఈ ఒక్క పనినే నమ్ముకుని డిగ్రీ మానేయొద్దు. బీఎస్సీ జువాలజీ చదువుతూ సెలవు రోజుల్లో గైడ్‌గా చేయొచ్చు. బైపీసీ కాబట్టి ఎప్‌సెట్ ర్యాంకుతో సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీకి ప్రయత్నించొచ్చు. ఇంటర్ అర్హతతోనే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు పోటీపడొచ్చు. అందులో మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఊరి కుర్రాడికి ఇది సులువనిపిస్తుంది కానీ తారురోడ్డు మీద కొత్త బూట్లతో నడిచి పాదాలు బొబ్బలెక్కి ఆగిపోయేవాళ్లుంటారు. మూడు నెలల ముందు నుంచి అవే బూట్లతో వారానికి రెండుసార్లు నడవాలి.

మొదటి మెట్టు అటవీ శాఖ రేంజ్ ఆఫీసు. గైడ్లను, బేస్ క్యాంపు వాచర్లను (అడవిలో ఉండి కాపలా కాసేవాళ్లను) తీసుకునేటప్పుడు స్థానికులకు, ముఖ్యంగా చెంచు యువతకు ప్రాధాన్యం ఉంటుంది. ప్రకటన పేపర్లో రాకపోవచ్చు, నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోవచ్చు. ఆధార్, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ, నివాస పత్రం, ఫోటోలు ఒక ఫైలులో పెట్టుకుని నెలకోసారి వెళ్లి అడగమనండి. సఫారీ మూసే మూడు నెలల్లో ప్రథమ చికిత్స కోర్సు, ఇంగ్లిష్, పిట్టల జాబితా పూర్తిచేస్తే అక్టోబరులో గేటు తెరిచేనాటికి దరఖాస్తుతో పాటు చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.