పిల్లల్ని ట్యూషన్లు, ఆటలతో బిజీగా ఉంచితే చెడు సావాసాలు పట్టరా?

బిజీగా ఉంచితేనే సరిపోదు, ఇంట్లో రోజూ కాసేపు మాట్లాడుకునే అలవాటు కూడా ఉండాలి. పిల్లలు ఎక్కడ, ఎవరితో తిరుగుతున్నారో పెద్దలకు తెలిసేది ఎక్కువగా వాళ్లంతట వాళ్లు చెబితేనే. గుచ్చి గుచ్చి అడిగితే దాచిపెడతారు.

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ పక్క ఊళ్లే తీసుకోండి. ఎండాకాలం సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లాడు పొద్దున కబడ్డీ ప్రాక్టీసుకు పోతాడు. అది అయిపోయేసరికి అమ్మానాన్నలు పనికి పోయి ఉంటారు. దోస్తులు కాలువలో ఈతకు రమ్మంటారు, లేదంటే ఎవరిదో బండి తీస్తారు. అసలు ప్రమాదం ఆ ఖాళీ మధ్యాహ్నమే. రాత్రి టీవీ బంద్ చేసి అందరూ కలిసి తినే ఇంట్లో "నాన్నా, రేపు కాలువకు పోదామంటున్నరు" అన్న మాట ముందే బయటపడుతుంది. అప్పుడు వద్దని కసరకుండా, ఆదివారం నడుముకు డబ్బా కట్టి తండ్రే దగ్గరుండి ఈత నేర్పొచ్చు.

కలిసి గడపడమంటే రోజంతా పక్కనే ఉండాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయి, పిల్లల్ని తాత, నాయనమ్మల దగ్గర వదిలినవాళ్లు కూడా రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి, మార్కుల గురించి కాకుండా ఆ రోజు ముచ్చట్లు వింటే ఆ చనువు నిలుస్తుంది.