ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో తెలుగు యాస ఉంటే మార్కులు తగ్గుతాయా?

తగ్గవు, ఈ ఇంగ్లిష్ పరీక్షలో యాస ఉన్నంత మాత్రాన బ్యాండ్ (అంటే స్కోరు) పడిపోదు. ఎగ్జామినర్ చూసేవి నాలుగు: తడబడకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, నాలుగింటికీ సమాన వెయిటేజీ. ఉచ్చారణలో కూడా ముఖ్యంగా చూసేది మీ మాట శ్రమ లేకుండా అర్థమవుతోందా అనే. ఉదాహరణకి నెహ్రూ జూ పార్క్ గురించి చెబుతూ 'జూ'ని మనలాగే పలికినా ఎవరికైనా తెలిసిపోతుంది, అదే కంగారులో పదాల చివరి అక్షరాలు మింగేస్తే, ఏ మాట నొక్కి చెప్పాలో అది నొక్కకపోతే వినేవాళ్లకి కష్టమవుతుంది, మార్కులు పోయేది అక్కడే. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లే చాలామంది అమెరికన్ యాస పెడితే ఎక్కువ వస్తుందనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి, ధ్యాసంతా యాస మీదకే పోయి చెప్పాల్సిన విషయం మధ్యలో ఆగిపోతుంది.