పోటీలూ పరీక్షలూ ఒకేసారి వస్తే?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో జాతీయ జట్టుకు ఎంపికై, తొలిసారి విదేశంలో ఈదబోతోంది. తిరిగొచ్చిన మూడు వారాలకే స్కూలు పరీక్షలు. ఏడాదిపాటు చదువు ఆపించమని కోచ్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. చదువు మాత్రం ఆపించకండి, కాస్త నెమ్మదిగా సాగనివ్వండి. ఎంపిక పత్రం, పోటీ తేదీలు తీసుకుని ప్రధానోపాధ్యాయులను ఇప్పుడే కలవండి. కొన్ని పరీక్షలను తర్వాత రాయనిస్తారేమో అడగండి. అదీ కుదరకపోతే దూరవిద్య ఉంది.

కోచ్ మాటలో నిజం లేకపోలేదు. తెల్లవారుజామున రెండు గంటలు ఈది, తడి జుట్టుతోనే బడికెళ్లి, సాయంత్రం మళ్లీ కొలనులో దిగే పిల్ల రాత్రి తొమ్మిదింటికి పుస్తకం మీదే నిద్రపోతుంది. అది బద్ధకం కాదు. లేపి చదివించకండి. నాలుగు మార్కులు తగ్గితే తగ్గనివ్వండి.

అయినా బడి ఉండాలని ఎందుకంటున్నానంటే, ఈ వయసులో శరీరం మారుతుంటుంది. ఎంత సాధన చేసినా టైమింగ్ నెలల తరబడి కదలకపోవచ్చు. ఈత తప్ప మరో లోకం లేని పిల్ల అప్పుడు స్టాప్‌వాచ్ చూసి తన విలువే అంత అనుకుంటుంది. నా భయమంతా దాని గురించే. కేటీ లెడెకీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచేనాటికి 15 ఏళ్ల స్కూలు విద్యార్థిని. తర్వాత కూడా ఈదుతూనే స్టాన్‌ఫర్డ్‌లో సైకాలజీ డిగ్రీ పూర్తి చేశారు.

పతకం ఆశ ఇప్పుడే పెట్టుకోకండి. మీ అమ్మాయి ఈదే 200 మీటర్ల బటర్‌ఫ్లైలోనే మైకేల్ ఫెల్ప్స్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల వయసులో ఐదో స్థానంలో నిలిచారు. మరుసటి ఏడాది అందులోనే ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అందుకే ఫోనులో ‘ఎన్నో స్థానం?’ అని అడగకండి. భుజాలు బరువెక్కే ఆ చివరి 50 మీటర్లు ఎలా ఈదిందో చెప్పమనండి, సంతోషంగా చెబుతుంది.

మందుల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ సైతం పరిమితి దాటితే పోటీల సమయంలో నిషిద్ధమే. తెలియక వేసుకున్నామన్నా బాధ్యత క్రీడాకారిణిదే. జట్టు వైద్యులను అడగకుండా మాత్రగానీ, ప్రొటీన్ పొడిగానీ ఇవ్వకండి.

మీ ఉత్తరంలో కోచ్ మాట ఉంది, మీ ఆందోళన ఉంది. అమ్మాయి ఏమంటోందో లేదు. సాధన లేని రోజు చూసి, కోచ్ పక్కన లేనప్పుడు, నిదానంగా ఆమెనే అడగండి.