హార్మోను దూతా, సంకేతమా?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ‘హార్మోన్లు రసాయనిక దూతలు. ఇవి శరీరంలో ఒకచోటి నుంచి మరొకచోటికి సందేశాలను మోసుకుపోతాయి’ అని ఏళ్ల తరబడి నోట్సు రాయిస్తున్నాను. ఈమధ్య ఒక విద్యార్థిని లేచి, ‘ఆ సందేశం ఎక్కడ రాసి ఉంటుంది టీచర్?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. భాషాపరంగా ఈ వాక్యం సరైనదేనా? ‘సందేశం’ అనాలా, ‘సంకేతం’ అనాలా? హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదిలే గ్రంథిని ‘అంతస్రావ గ్రంథి’ అని రాయడం ఒప్పేనా?

సమాధానం: ముందుగా ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. తను అడిగింది సైన్సు ప్రశ్నే అయినా చిక్కుముడి మాత్రం మాటలో ఉంది.

సందేశం అంటే చెప్పి పంపిన మాట. పంపినవారు చెప్పదలచుకున్నదంతా దానిలోనే ఉంటుంది. దాన్ని చేరవేసేవాడు దూత. దూత వేరు, అతను తెచ్చిన మాట వేరు. హార్మోను దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా నిలవదు. అడ్రినలిన్ అణువును ఎంత విప్పి చూసినా ‘గుండె వేగం పెంచు’ అన్న ఆజ్ఞ ఎక్కడా దొరకదు. భయపడినప్పుడు అది మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథుల నుంచి రక్తంలోకి వస్తుంది. గుండె దడదడలాడుతుంది. ఊపిరితిత్తులలోని గాలి గొట్టాలు సడలి వెడల్పవుతాయి. పేగుల కదలిక మాత్రం మందగిస్తుంది. కాలేయం తాను దాచుకున్న గ్లైకోజన్‌ను గ్లూకోజుగా విడగొట్టి రక్తంలోకి వదులుతుంది. వచ్చిన అణువు ఒక్కటే. అది సందేశమే అయితే, దాన్ని అందుకుని గుండె పరుగందుకోవడమేమిటి, పేగు నెమ్మదించడమేమిటి? ఏం చేయాలన్నది అణువులో లేదు, అందుకునే కణంలో ఉంది. కణానికి ఆ అణువును గుర్తుపట్టి అందుకునే భాగం, అంటే తగిన గ్రాహకం, ఉంటేనే స్పందన. అది లేని కణాన్ని ఆ అణువు ఎన్నిసార్లు ఒరుసుకుపోయినా ఉలుకూ పలుకూ ఉండదు.

అందుకే నా ఓటు ‘సంకేతం’ వైపు. ఇద్దరి మధ్య ముందే కుదిరిన ఏర్పాటు అన్నది ఆ మాటకు అసలు అర్థం. కావ్యాలలో ప్రేమికులు కలుసుకుందామని అనుకున్న చోటును సంకేతస్థలం అన్నది ఇందువల్లనే. ఆ ఏర్పాటు ఎరిగినవారికే సంకేతం బోధపడుతుంది. మిగతావారికి అదొక చెట్టు, ఒక దీపం, అంతే. హనుమంతుడు లంకకు తీసుకుపోయిన ఉంగరాన్ని తలచుకోండి. కావలి ఉన్న రాక్షస స్త్రీల చేతిలో పెడితే అది వట్టి బంగారం. సీత చేతిలో పడగానే ఆమె ప్రాణం లేచివచ్చింది. అక్కడ దూత హనుమంతుడు, ఉంగరం ఆనవాలు. శరీరంలో హనుమంతుడి పని చేసేది రక్తం. హార్మోనును ఉంగరంతో పోల్చాలి కానీ దూతతో కాదు. మీ వాక్యంలో ‘మోసుకుపోవు’ అన్న క్రియకు అసలు కర్త రక్తమే. ఇలా మార్చి రాయించండి: ‘హార్మోన్లు రసాయనిక సంకేతాలు. గ్రంథులు విడుదల చేసిన హార్మోన్లను రక్తం శరీరమంతటికీ చేరవేస్తుంది. తగిన గ్రాహకాలున్న కణాలే వాటికి స్పందిస్తాయి.’

అలాగని ‘దూత’ అన్నవారిని తప్పుపట్టను. ఆ మాట వెనుక ఒక గొప్ప ఆశ్చర్యం ఉంది. జఠరం నుంచి ఆమ్లం చిన్నపేగులోకి దిగగానే క్లోమం తన రసాన్ని వదులుతుంది. పేగు నుంచి క్లోమానికి కబురు నాడుల ద్వారానే అందుతుందని ఒకప్పుడు నమ్మేవారు. 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క పేగులో కొంత భాగానికి నాడులన్నీ తెంచి, రక్తనాళాలను మాత్రం ఉంచి, దానిలో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం ఊరింది. అప్పుడు పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి, రక్తంలోకి ఎక్కించారు. మళ్ళీ ఊరింది! తెగిన నాడులు తెగినట్టే ఉండగా కబురు నెత్తురులో వెళ్ళిందన్నమాట. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి పదార్థాలన్నిటినీ కలిపి ‘హార్మోను’ అని స్టార్లింగ్ పిలిచింది 1905లో. కదిలించు, ప్రేరేపించు అన్న అర్థం గల గ్రీకు ధాతువు నుంచి ఆ పేరు వచ్చింది. పాఠాన్ని కథగా చెప్పేటప్పుడు ‘దూత’ అనండి, పిల్లలకు రుచిస్తుంది. నిర్వచనంలోకి మాత్రం దాన్ని రానివ్వకండి. గ్రీకు అర్థాన్ని పట్టుకుని ‘ఉత్తేజకం’ అని అనువదించడమూ నాకు సమ్మతం కాదు. సొమటోస్టాటిన్ వంటి హార్మోన్ల పనే అడ్డుకట్ట వేయడం. హార్మోను తెలుగులో కుదురుకున్న మాట, దాన్నే వాడుకుందాం.

ఇక వర్ణక్రమం. ‘అంతర్’లోని రేఫ (ర్) పరుషాల (క, ప వంటి అక్షరాల) ముందూ శషసల ముందూ విసర్గ అవుతుంది: అంతఃపురం, అంతఃకరణం. స ముందు ఆ విసర్గ అలాగే ఉండవచ్చు, సకారంగానైనా మారవచ్చు. కనుక అంతఃస్రావం, అంతస్స్రావం రెండూ సాధువులే. ‘య ర ల వలను అంతస్థాలంటాం కదా, అక్కడ ఒక్క సకారమే ఉందే’ అని మీరు అడగవచ్చు. అక్కడ స తర్వాత థ ఉంది. శషసల వెనుక త, థ వంటి అక్షరం ఉన్నప్పుడు విసర్గను లోపింపజేయడానికి వ్యాకరణం ఒప్పుకుంటుంది. స్రావంలో స వెనుక ఉన్నది రేఫ, కాబట్టి ఆ వెసులుబాటు లేదు. ‘అంతస్రావం’ వాడుకలో ఎంత కనిపించినా బడి పుస్తకంలో దిద్దవలసిందే. పిల్లల నోటికి విసర్గ బరువనిపిస్తే ‘వినాళ గ్రంథి’ ఉండనే ఉంది. నాళం లేనిదని పేరులోనే తెలుస్తుంది. క్లోమం దగ్గర మాత్రం జాగ్రత్త: జీర్ణరసాన్ని నాళం గుండా పేగులోకి పంపేదీ, ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి వదిలేదీ అదే. దాన్ని ‘మిశ్రమ గ్రంథి’ అని చెప్పండి.