ఓనరు శ్లాబుకి మీ చీటీ డబ్బులా?

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో పైపోర్షన్‌లో బాడుగకు ఉంటున్నాం. నెలకు 9,000, అడ్వాన్సు 30,000. అగ్రిమెంటు ఏప్రిల్ చివరిదాకా ఉంది. ఈ వానలకు బెడ్రూం శ్లాబు కారుతోంది, పెచ్చులు ఊడుతున్నాయి. గోడ నెమ్మెక్కి స్విచ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఓనరు చెన్నైలో ఉంటారు. ఫోన్ చేస్తే ‘మీరే చేయించుకోండి, తర్వాత చూసుకుందాం’ అంటున్నారు. మేస్త్రీ 28,000 అవుతుందన్నాడు. చీటీ పాడి చేయించమంటారా, బాడుగ ఆపేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు ఆ స్విచ్ సంగతి చూడండి. ఆ గదికి కరెంటు ఆపేసి ఈరోజే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయ్యే ఐదారువందలు ఎవరివని తర్వాత తేల్చుకోవచ్చు.

ఇక శ్లాబు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరు గురించి మీరు తెలియజేశాక కూడా సహేతుకమైన గడువులో ఆయన చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా బాడుగలో పట్టుకోవచ్చు. అయితే అగ్రిమెంటులో వేరేలా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. ‘అన్ని రిపేర్లు బాడుగదారువే’ అనే లైను మన దగ్గర స్టాంపు పేపర్ల మీద అచ్చుగుద్దినట్టు వచ్చేస్తుంది, చదవకుండా సంతకం పెట్టేస్తాం. ముందు అది తీసి చూడండి. ఆ లైను ఉంటే చట్టం పేరెత్తకుండా మాటలతోనే ఒప్పించాలి.

ఏది ఎవరి పనో తేలకపోతే కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం జాబితా ఉంది. అది నమూనా మాత్రమే, కానీ మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. శ్లాబు, గోడల్లాంటి కట్టడం పనులు, పైపులు, వైరింగు, వెల్ల ఓనరువి. కుళాయి, దాని వాషరు, స్విచ్, గడియ లాంటివి మీవి. అంటే స్విచ్ పాడైతే మీ జేబు, దాని వెనక వైరు పాడైతే ఆయన జేబు.

ఇంకో సంగతి. బాడుగ ఆదాయం మీద పన్ను లెక్క కట్టేటప్పుడు, చెల్లించిన ఇంటి పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం ఓనరుకు మినహాయింపు ఉంటుంది. రిపేరుకు ఆయన పైసా పెట్టకపోయినా సరే! మీ ఇంటి బాడుగ ఏడాదికి 1,08,000. దీన్ని బట్టి సుమారు 32,000 మీద ఆయన పన్ను కట్టక్కర్లేదు. ఇది ఫోన్లో ఎత్తిపొడవకండి, గొడవవుతుంది. రిపేరు ఖర్చు ఎవరి ఖాతాలోదో మీకు తెలిస్తే చాలు.

బాడుగ పూర్తిగా ఆపేస్తే తప్పు మీ మీదికొస్తుంది, ఖాళీ చేయమనడానికి ఆయనకు సాకు దొరుకుతుంది. ముందుగా చీటీ పాడితే పాటలో పోయే సొమ్ము తిరిగి రాదు, అది ఓనరు ఇవ్వడు. పైగా డిసెంబరు దాకా మనకు వానలే. తడి శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ నిలవదు. సంక్రాంతి దాటాక ఎండ తగిలి ఆరనివ్వండి. అప్పటిదాకా పైన టార్పాలిన్ కప్పి, పెచ్చులు ఊడే చోట మంచం జరపండి.

ఈలోగా ఫొటోలు, మేస్త్రీ అంచనా వాట్సాప్‌లో పంపి ఇలా రాయండి: ‘సార్, 28,000 మీరే మేస్త్రీకి పంపినా సరే. లేదంటే నేను కడతాను, జనవరి నుంచి ఏప్రిల్ దాకా బాడుగలో నెలకు 7,000 తగ్గించుకుంటాను. మీకు ఏది వీలో చెప్పండి.’ మొదటిదే మేలు. రెండోదైతే ఆయన ‘సరే’ అని రాసేదాకా మేస్త్రీకి అడ్వాన్సుగా కూడా ఒక్క రూపాయి ఇవ్వకండి. నెలకు 4,000 చొప్పునే తగ్గిస్తానంటే ఏడు నెలలు పడుతుంది, మీ అగ్రిమెంటు అంతకుముందే ముగుస్తుంది. అలాగైతే ముందు అగ్రిమెంటు పొడిగించమనండి. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) చూపిస్తుంటే పూర్తి 9,000కి రసీదు అడగండి. ఏడాది బాడుగ లక్ష దాటింది కాబట్టి ఆయన పాన్ కూడా కావాలి.

జనవరి చివరికీ ‘చూద్దాం’ అంటూ ఉంటే, అగ్రిమెంటులో ఉన్న నోటీసు గడువు ప్రకారం రాసిచ్చి ఇల్లు మారడమే చవక. బండి కిరాయి, కూలీలు, కొత్త అడ్వాన్సులో తేడాకి ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. చీటీ పాడాల్సి వచ్చినా దానికి పాడండి.